దారం లేని బీరకాయ

మా పైఅంతస్తు పిన్నిగారు పోయిన కబురు నాకు చిక్కడపల్లి మార్కెట్లో బీరకాయలు ఏరుకుంటుండగా అందింది. మా వాచ్‌మన్ భార్య ఫోన్ చేసింది. "అక్కా, పైన అమ్మ పోయింది. జర జల్ది రా," అంది. కాయలు అక్కడే వదిలేసి అశోక్‌నగర్ దాకా నడుచుకుంటూ వచ్చాను. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

పిన్నిగారు నాకు బంధువు కారు. వాళ్ళది కాకినాడ వైపు. వాళ్ళాయన ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన పోయాక ఆవిడ మా అపార్ట్‌మెంట్ మేడ మీద కుండీల్లో తోట మొదలుపెట్టారు. ఒకసారి ఆసుపత్రిలో తనకు ఎక్కించిన సెలైన్ గొట్టాలను అడిగి మరీ ఇంటికి తెచ్చుకుని, కుండీలకు బొట్టుబొట్టుగా నీళ్ళు పడేలా అమర్చారు. ఇదేం చోద్యమండీ అంటే, నేను తేరుకున్నానుగా, మొక్కలకేం రోగం అన్నారు. ఆవిడతో వాదించి నెగ్గినవాళ్ళు మా అపార్ట్‌మెంట్లో ఒక్కరూ లేరు.

ఆ గట్టిదనంతోనే ఒకప్పుడు తేనెపట్టు తీయించారు. నీళ్ళ ట్యాంకు కింద తేనెటీగలు పట్టు పెట్టాయి. కింది ఫ్లాటు పాపను ఈగ కుట్టింది. ఆ ఏడు అసోసియేషన్‌కి పిన్నిగారే పెద్ద. మనుషుల్ని పిలిపించి, దగ్గరుండి మందు కొట్టించి, చచ్చిన ఈగల్ని చీపురుతో ఊడ్పించారు. అందరం శభాష్ అన్నాం.

తర్వాతి కాపుకి బీరతీగ నిండా పూలే. పిందెలు మాత్రం పసుపురంగుకు తిరిగి రాలిపోయేవి. ఎరువు మార్చారు, మట్టి మార్చారు, నర్సరీవాణ్ణి నాలుగు తిట్టారు. పుప్పొడి మోసే ఈగలే లేవని బోధపడిన రోజు ఆవిడ మెట్ల మీద కూలబడిపోయారు. "నేనే వెళ్లగొట్టాను కదమ్మాయ్," అన్నారు.

సుల్తాన్ బజార్ వెళ్ళి రంగులేసే బ్రష్ ఒకటి కొనుక్కొచ్చారు. బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దు వాలగానే మోకాళ్ళు పట్టుకుంటూ పైకెక్కి, మగపూల పుప్పొడిని ఆడపూలకు అద్దేవారు. అద్దినదాని తొడిమకు గుర్తుగా ఎర్రదారం కట్టి, దీని పెళ్లైపోయింది అని నవ్వేవారు. వాచ్‌మన్ భార్య పక్కన నిలబడి, గీ పని ఈగలది గద, నువ్వెందుకు పరేషాన్ అయితున్నవమ్మా అని పోరేది. వాటిని పంపించేసింది మనమే, ఆ పని మరెవరు చేస్తారే అనేవారు పిన్నిగారు.

కాయలు విరగకాశాయి. అందరిళ్ళకూ దారంతో సహా వచ్చేవి. మేం ఆవిడ తెలివిని మెచ్చుకుంటే ముఖం చిన్నబుచ్చుకునేవారు. "ఈగల్ని చంపడానికీ మన బుర్రే, వాటి పని చేయడానికీ మన బుర్రే. దారం లేని కాయ ఒక్కటి కంటపడితే చాలమ్మాయ్," అనేవారు. ఈగల్ని రప్పించాలని తులసి పెంచారు, బెల్లం నీళ్ళు పెట్టారు. చీమలొచ్చాయి.

ఈ ఏడాది గుండె నీరసించి నారాయణగూడలో ఆసుపత్రిలో కొన్నాళ్ళున్నారు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే నన్ను పైకి పిలిచారు. ఆకుల చాటున నిగనిగలాడే బీరకాయ. దారం లేదు. పసిబిడ్డను నిమిరినట్టు నిమురుతూ, "ఈగలొచ్చాయమ్మాయ్," అన్నారు. కొంగుతో కళ్ళొత్తుకున్నారు. దాన్ని కోయనివ్వలేదు, విత్తనానికి ఉంచమన్నారు. బ్రష్ వాచ్‌మన్ భార్య చేతికిచ్చి, ఇక దీంతో పనిలేదు, పారేయమన్నారు. ఆ తర్వాత కూడా దారం లేని కాయలు దిగుతూనే ఉన్నాయి. సాయంత్రం మెట్లెక్కే ఓపిక లేకపోయినా, పొద్దున్నే వెళ్ళి చూసుకుని మురిసిపోయేవారు. అంత తేలికపడ్డ ముఖం నేను ఆవిడలో ఎన్నడూ చూడలేదు. కొన్ని వారాలకు పోయారు.

పదోరోజు భోజనాలయ్యాక, సాయంత్రం ఉండబట్టలేక మేడెక్కాను. తీగ దగ్గర వాచ్‌మన్ భార్య కూర్చుని ఉంది. చేతిలో ఆ బ్రష్.

"నేనే పూలకు రాసిన అక్కా," అంది తలెత్తకుండా. "అమ్మ దవాఖానల ఉన్నప్పుడు పిందెలు రాలిపోతుంటె మనసొప్పలె. దారం కట్టుడు యాదిమర్చిన. అమ్మ గంత ఖుషీ అయినంక ఎట్ల చెప్పాలె?"

అందుకని రోజూ సాయంత్రం ఎవరికీ తెలియకుండా వచ్చి రాసిందట, దారం కట్టకుండా.

కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది. ఇద్దరం కలిసి ఏడ్చాం.

విత్తనానికి ఉంచిన కాయ ఎండి, గాలికి లోపల గింజలు గలగలమంటున్నాయి. దాని పైన ఆ పూట పూలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. ఎంత వెతికినా ఒక్క ఈగా లేదు.

"ఇంక ఎవ్వలికోసం రాయాలె అక్కా?" అంది.

నేనూ ఆమె పక్కన చతికిలబడ్డాను. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం. పసుపుపచ్చటి పూలన్నీ నోళ్ళు తెరిచి మావైపే చూస్తున్నాయి.