హనుమండ్లు చేతిలో నిలవని బొక్కెన

సాలెవాడ హనుమండ్లు ఒకసారి బొక్కెనతో పాటు తానూ బావిలో పడ్డాడని ధర్మపురిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. ఆ రోజు పడింది ఆయన తలరుమాలు. బొక్కెన సంగతి మాత్రం నిజం. నైజాం పాలన పోయిన మరుసటి ఏడు మొదలుకొని పన్నెండేండ్లలో ఆయన చేతి నుంచి చేదబావిలోకి జారిన బొక్కెనలను లెక్కపెట్టబోయినవాళ్లు, వంద దాటాక విసుగొచ్చి మానేశారు.

బావిలో దబ్బుమని చప్పుడైతే చాలు, వాడంతా మగ్గాలు దిగి వచ్చేది. నీళ్ల కోసం కాదు, హనుమండ్లుకు ఏ మాట సరిపోతుందో తేల్చడానికి.

"సోయి లేని మనిషి!" అని మొదలుపెట్టేది భార్య బుచ్చవ్వ. "మొన్న అంగి ఉల్టా తొడుక్కొని కొండగట్టు దాక పోయిండు. దేవుడు సుత నవ్వుకొని ఉంటడు."

"అట్ల అనద్దమ్మా," అని వేలెత్తేవాడు బడిపంతులు లక్ష్మీరాజం. "మనసు ఇంకోకాడ ఉంటే పరాకు. మనసు ఈడనే ఉండి లెక్కచెయ్యకుంటే నిర్లక్ష్యం. ఇది పరాకు."

"పరాకు వారానికి రెండుమాట్ల వస్తదా పంతులూ? ఇది లాపర్వా! పోతే పాయె అనుకునుడు!" అనేవాడు వెనక నుంచి మొండయ్య.

"మీరు మెల్లగ ఖాయం చెయ్యుండ్రి," అనేవాడు హనుమండ్లు, ఏ మాటకూ నొచ్చుకోకుండా. "నేను పోయి కిష్టవ్వ పెద్దవ్వను తోల్కొస్త."

కిష్టవ్వ రావడమంటే ఆషామాషీ కాదు. అరవై దాటిన మనిషి, మొగుడు లేడు, పిల్లలు లేరు. కానీ వాడ మొత్తానికి ఒక్కటే పాతాళగరిగె ఉంటే అది ఆమె ఇంట్లోనే ఉంది. గొలుసుకు గుత్తిగా వేలాడే పది ఇనుప కొక్కేలు. దాన్ని తాడుకు కట్టి బావిలోకి ఎవరైనా దింపగలరు, బొక్కెనను పట్టడం మాత్రం ఆమెకే తెలుసు. కండ్లు మసకబారినా వేళ్లకు చూపుంది.

"ఇది రాయి... ఇది చంద్రవ్వ పోగొట్టుకున్న చెంబు... ఆఁ, చిక్కింది! గుంజుండ్రి!"

బొక్కెన పైకి రాగానే కిష్టవ్వ కొంగు సవరించుకునే తీరు చూడాలి. కోట గెలిచిన దొరసాని కూడా అంత ఠీవిగా నిలబడదు.

పాతాళం చూసొచ్చిన గరిగె వట్టిగా ఇల్లు చేరకూడదన్నది ఆమె అత్త పెట్టిన కట్టుబాటు. దాని వెంట, బొక్కెన జారవిడిచిన ఇంటి నుంచి మానెడు జొన్నలు రావాలి. అది హక్కు. హక్కు కానిదాన్ని కిష్టవ్వ ముట్టదు. ఎవరన్నా జాలిపడి గిన్నెలో జొన్నరవ్వ గట్క పంపితే, గిన్నె పోయినట్టే తిరిగొచ్చేది. "నా చేతులు ఇంక పడిపోలే" అన్న మాట కూడా దాని వెంట వచ్చేది.

మూడో ఏడు పంతులుకు ఒక ఆలోచన వచ్చింది. జగిత్యాల నుంచి ఇనుప గొలుసు తెప్పించి, బొక్కెనకు బిగించి, రెండో కొసను గిరక దూలానికి చీలతో పట్టించాడు.

"గొలుసు చేతులు కోస్తది," అన్నాడు హనుమండ్లు. ఎవరూ వినలేదు. "తుప్పు నీళ్లకు కడుపులు ఉబ్బుతయి." వినలేదు. "గా చప్పుడుకు నా మగ్గం తాళం తప్పుతది!" అందరూ నవ్వారు.

"మంచిదే. బొక్కెనలు బతుకుతయి," అని కిష్టవ్వ గరిగెను ఇంట్లో కొయ్యకు తగిలించింది.

పన్నెండు రోజులు ఆమెను ఎవరూ పిలవలేదు. జొన్నల కుండలో చెయ్యి పెడితే అడుగు గీసుకుపోయింది. బుచ్చవ్వ గట్క పంపింది. గిన్నె తిరిగొచ్చింది.

పదమూడో రోజు పొద్దున బావిలో చప్పుడైంది. ఈసారి గొలుసుతో సహా.

"పరాకు!" "లాపర్వా!" "సోయి లేదు!" అని వాడ మళ్లీ విరుచుకుపడింది. కిష్టవ్వ వచ్చి గరిగె దింపి, గొలుసూ బొక్కెనా రెంటినీ ఒక్క పట్టున లాగింది. తడిమి చూసింది. గొలుసు తెగలేదు, కొస విరగలేదు. చీల మాత్రం బావి గట్టు మీద, తుడిచి పెట్టినంత పద్ధతిగా ఉంది. పైగా బుచ్చవ్వ జొన్నల మానికతో అప్పటికే నిలబడి ఉంది.

కిష్టవ్వ గరిగెను భుజాన వేసుకుంది. ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వెంట్రుక కన్నా సన్నని పోగులు తెగితే హనుమండ్లు వేసే ముడిని ఏ షావుకారూ ఇంతదాకా తప్పు పట్టలేదు. మరి అదే చేతికి బొక్కెన ముడి ఎందుకు నిలవలేదు? అది జారడం ఎప్పుడు మొదలైంది? ఆమె కండ్లు మసకబారి, కూలికి నూలు కండెలు చుట్టే పని ఆగిపోయిన నెలలోనే.

హనుమండ్లు జొన్నలు తెచ్చి గడప మీద పెట్టాడు. కిష్టవ్వ మానికను వెనక్కి నెట్టింది.

"హన్మండ్లూ, ఇట్ల నా మొకం చూడు. నీ మగ్గం మీద ముడి ఎన్నడన్న జారిందా?"

"లే."

"మరి గా చీల ఎవరు గుంజిండ్రు? సోయి తప్పి పడేస్తున్నవా, సోయి ఉండే పడేస్తున్నవా? గిన్నేండ్ల సంది నాకు ఉత్తగ పెడుతున్నవారా?"

హనుమండ్లు తల గోక్కున్నాడు. మానికను మళ్లీ మెల్లగా ముందుకు జరిపాడు.

"పడుడు ఉత్తదయితే అయింది, నువ్వు తీసుడు ఉత్తదా పెద్దవ్వా? మగ్గం మీద కూసున్నంతసేపు పన్నెండు వందల పోగుల ఫికర్ నాదే. గా ఒక్క బొక్కెన కాడనన్న నన్ను జర బేఫికర్‌గ ఉండనియ్యవా? గరిగె మాత్రం లోపట పెట్టకు, ఎల్లుండి మల్ల వస్త."