జబ్బ మీద అమ్మ పేరు

పట్టాళంలో సిపాయిగా చేరాలని రెండేళ్ళపాటు ఉడుమలైపేట కాలువ గట్టు మీద పరుగెత్తాను. తెల్లారకముందే అమ్మ లేచి రాగి జావ కాచి ఇచ్చేది. నాకంటే ఆవిడకే ఆశ ఎక్కువ. "మావాడు పట్టాళానికి పోతాడు" అని కొబ్బరితోట కూలీల నుంచి బస్సు కండక్టరు దాకా అందరికీ చెప్పేసింది.

సెలక్షనుకు నెల ముందు నా బుర్రకు ఒక గొప్ప ఆలోచన తట్టింది. సింగానల్లూరులో ఒక కొట్టుకు పోయి కుడి జబ్బ మీద అమ్మ పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నాను. అదీ తెలుగు అక్షరాల్లో! మేం ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ బడిలో చదివింది తమిళం. ఆ అక్షరాలు అమ్మకు రావు, అప్పటికి నాకూ రావు. ఫోనులో చూపిస్తే కొట్టువాడు అలాగే దించేశాడు. ఉద్యోగం వచ్చిన రోజు చొక్కా విప్పి చూపిద్దామని నా సంబరం.

సెలక్షను నోటీసులో పచ్చబొట్ల గురించి ఒక పేరా ఉంది. నేను ఎత్తు, వయసు, పరుగు మాత్రం చూసుకుని మడిచి పెట్టేశాను. వెధవని, ఇంకేమనుకోను?

పరుగులో నెగ్గాను. మెడికల్‌లో డాక్టరు నా మోకాళ్ళు చూసి బాగున్నాయన్నాడు. ఛాతీ కొలిచాడు. జబ్బ దగ్గర ఆగాడు.

"ఎవరి పేరు?"

"అమ్మది సార్."

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "మోచేతి కింద, లోపలివైపు ఉంటే వదిలేసేవాణ్ణి. ఇక్కడ కుదరదు తంబీ."

తల కొట్టేసినట్టయింది. ఇంటికి చేరేసరికి గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. "ఏమయిందిరా కన్నూ?"

"మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతాయంట. వద్దన్నారు." ఆ అబద్ధం ఎలా వచ్చిందో నోటికొచ్చేసింది.

అమ్మ అక్కడే కూలబడింది. "అయ్యో కడవులే, దేవుడా! తప్పు నాదిరా. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేను సరిగ్గా తినలేదు. పాలు కూడా చాలలేదు నీకు." నా మోకాళ్ళు నిమురుతూ ఏడ్చింది. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. నా తెలివితక్కువతనం బయటపడకపోతే చాలనుకున్నాను. ఛీ, ఎంత సిగ్గుమాలిన పని!

ఆ తర్వాత అమ్మ ముందు ఎప్పుడూ చొక్కా విప్పలేదు. తెలుగు చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆ పేరు చదవకుండా ఉండలేను.

నాకిప్పుడు ఆరు నెలల కూతురుంది. మొన్న అమ్మ దాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తూంటే, నేను స్నానం చేసి వస్తూండగా భుజం మీది తువ్వాలు జారింది.

"అదేమిరా జబ్బ మీద? ఏమని రాసుండాది?"

"దేవుడి పేరమ్మా."

"మంచిదిలే" అని అమ్మ మళ్ళీ పాప మోకాళ్ళు పట్టుకుని నూనె మర్దనా చేసింది. "మీ నాయన కాళ్ళు నీకు రాకూడదు తల్లీ. ఈ అవ్వ చేసిన తప్పు నీదాకా రాకూడదు."