లింగవ్వ అరచేతి తూకం

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గోదావరిఖనిలో బొగ్గు పరీక్షించే గదిలో కొత్తగా చేరాను. సాంద్రత గురించి నాకంటే తెలిసినవాడు లేడని ఓ పొగరు. ఆ పొగరు దించింది, బడి మొహం చూడని లింగవ్వ.

కదిలే బెల్టు మీద వచ్చే బొగ్గులోంచి రాళ్లు ఏరెయ్యడం ఆమె పని. పన్నెండేళ్లుగా అదే ఆమెకు అన్నం పెడుతోంది. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఒకరోజు మేస్త్రీ బిక్షం ఆమెను మా గదికి తీసుకొచ్చాడు.

"సామ్యేల్ సారూ, లింగవ్వకు కండ్లు మంచిగ కానొస్తలేవంటున్నరు. పరీక్ష పెట్టుర్రి. తప్పిందంటే రేపటి సంది పనిల ఉంచుడు నాతోని కాదు."

లింగవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. పాపం, ఎలాగైనా గట్టెక్కాలని సులువైనవే ఏరాను. అన్నీ ఒకే సైజు పెళ్లలు. బూడిదరంగు రాళ్లు ఐదు, నిగనిగలాడే బొగ్గు ఐదు.

ఆమె వాటివైపు చూడనే లేదు. ఒక్కోదాన్నీ అరచేతిలో చిన్నగా ఎగరేసి పట్టుకుని, ఇటో అటో పెట్టింది. రాళ్లవైపు ఆరు చేరాయి. ఆరోది నేను ఏరిన మెరిసే బొగ్గు.

"అయిపాయె! బొగ్గును పట్టుకొని రాయంటాంది" అన్నాడు బిక్షం.

"ఇంకోపారి సూడవ్వా" అని బతిమాలాను.

"రాయే సారూ. గింతే ఉన్నది గానీ చెయ్యిని కిందికి గుంజుతాంది."

నా ప్రాణం ఉసూరుమంది. మా గదిలో జింక్ మందు కలిపిన నీళ్ల జాడీ ఉండేది. మామూలు నీళ్లకంటే బరువైన నీళ్లు. అందులో బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. ఆ సంగతి ఆమెకు చెప్పి, ఆఖరి ఆశగా ఆ పెళ్లను వేశాను. అది నేరుగా అడుగుకు పోయింది! తీసి సుత్తితో కొడితే, పైన పలచగా బొగ్గు, లోపలంతా రాయి. మెరుపు చూసి మోసపోయింది నేనే.

"ఏమైంది సారూ? తేలిందా?" అడిగింది లింగవ్వ.

జాడీ ఆమె ముందే, రెండడుగుల దూరంలో ఉంది. ఆమెకు బొత్తిగా కనబడడం లేదని అప్పుడర్థమైంది. బిక్షానికీ అర్థమైంది.

"మునిగిందక్కా" అన్నాడతను మెల్లగా. "జల్ది దవాఖానకు పోయి కండ్లు సూపిచ్చుకో. నువ్వొచ్చేదాక నీ జాగల ఎవ్వలను పెట్ట."

శుక్లాలు తీశారు. మళ్లీ డ్యూటీలో చేరిన రోజు చూడబోయాను. కళ్లద్దాలు పెట్టుకుని కూడా, అనుమానం వచ్చిన పెళ్లను కళ్లు మూసుకునే ఎగరేస్తోంది. నా గొంతు విని తలెత్తింది. మసి చేయి నా చెంపకు ఆనించి ఎగాదిగా చూసింది.

"ఓయవ్వ! గింత పిలగానివా? పెద్దమనిషివనుకొని సారూ సారూ అన్న గదా!"

ఆనాటి నుంచి నన్ను బిడ్డా అనే పిలిచింది.