తీపి పొయ్యకు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. వైరాలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పుకుని బతుకుతున్నవాణ్ని. కణాలు లేనిదాన్ని జీవి అని ఒప్పుకుంటే నా ఉద్యోగానికే ముప్పు. కాబట్టి మిమ్మల్నీ నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా మేనత్త బుచ్చమ్మది భద్రాచలం దాటాక అడవి అంచున ఒక ఊరు. చిన్నప్పుడు ఎండలు మొదలైతే చాలు, నన్ను అక్కడ దింపేసేవారు. తెల్లవారకముందే లేచి ఇప్పచెట్ల కింద రాలిన పూలు ఏరడం, ఏరినవాటిలో సగం నోట్లో వేసుకుని తిట్లు తినడం. ఆ పూల వాసన తియ్యగా, కాస్త పులిసినట్టు ఉంటుంది. ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా వయసు ఎనిమిదేళ్లే.

మా నాయనకు ఒక వింత జబ్బు ఉండేది. పెళ్లిలోనో పండుగకో కడుపునిండా తిని పడుకుంటే, లేచేసరికి కాళ్లూ చేతులూ పడిపోయేవి. మనిషి తెలివిలోనే ఉండేవాడు, కదలలేడు. కొన్ని గంటలకు మళ్లీ మామూలే. అందరూ గాలి సోకిందనేవారు. అత్త మాత్రం తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని చిక్కగా పిసికిన చింతపండు రసం తాగించేది. ఉప్పు వేయదు, బెల్లం అసలే వేయదు. ఆమె లెక్కలో గాలికి తీపంటే ప్రాణం. తీపి పెడితే అక్కడే కాపురం పెడుతుంది, పులుపు పెడితే మొహం చిట్లించుకుని పోతుంది. మా ఇంటికొచ్చే చుట్టాలకు కూడా ఈ వైద్యం పనిచేస్తుందేమో చూద్దామని నేననేవాణ్ని.

డిగ్రీలో ఉన్నప్పుడు ఒకసారి ఆమెకు అసలు సంగతి చెప్పబోయాను. పొటాషియం కణం లోపల ఎక్కువగా, బయట రక్తంలో కొంచెంగా ఉండాలి. ఆ తేడా ఉంటేనే కండరం కదులుతుంది. తేడా చెడకుండా కణం పొరలో ఒక పంపు రాత్రింబవళ్లు సోడియాన్ని బయటికి తోసి, పొటాషియాన్ని లోపలికి లాగుతుంటుంది. అత్త చింతపండు పిసుకుతూ అంతా వింది.

"అయితే తలుపుకాడ ఒకడున్నడంటవ్. నేను చెప్పేది గదే కదరా" అంది.

పరీక్షలో దీనికి నాలుగు మార్కులు.

అత్త పోయింది. ఆ తర్వాత చాలాకాలం అటు పోలేదు. కొన్నేళ్ల కిందట సోమన్న బావ ఫోన్ చేసి పూలు రాలుతున్నాయి రమ్మన్నాడు. బావ అత్తకు ఒక్కడే కొడుకు. సారపాక వైపు కాంట్రాక్టు పనికి పోతాడు, ఇప్పపూల రోజుల్లో మాత్రం పనికి నాగా పెడతాడు.

పొద్దున్నే ఇద్దరం పూలు ఏరాం. వంగి వంగి నా నడుం పోయింది. మధ్యాహ్నం నాటుకోడి, అన్నం, ఆపైన ఇప్పపూలు బెల్లంతో దంచిన ఉండలు. ఎన్ని తిన్నానో రాయను, ఇది నా విద్యార్థులు చదివే ప్రమాదం ఉంది. బావ భార్య ఎండిన పూలు అమ్మడానికి సంతకు పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

పందిరి కింద మంచంలో పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి ఎండ ఇంకా దిగలేదు. కాళ్లు నా మాట వినడం లేదు. చేతులూ అంతే. క్లాసులో నలభై మంది మాట వినకపోవడం అలవాటే గానీ, సొంత కాళ్లతో ఇది మొదటిసారి. నాయన గుర్తొచ్చాడు. ఆయన నుంచి ఆస్తే వస్తుందనుకున్నాను, అదెలాగూ రాలేదు. ఇది వస్తుందనుకోలేదు.

కాసేపటికి తల కూడా ఎత్తలేకపోయాను. మాట ముద్దయింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. అక్కడితో నా హాస్యం అడుగంటింది.

బావ చూసి ఆటోకు ఫోన్ చేశాడు. వాళ్ల పనికాడ ఎవరు ఎండకు పడిపోయినా గ్లూకోజు నీళ్లే మందు. ఆ అలవాటుతో చెంబులో పొడి కలిపి తెచ్చాడు.

"తాగు బామ్మర్ది, పానం లేసొస్తది" అంటూ నా తల కింద చెయ్యి పెట్టాడు.

పాఠం చెప్పేవాణ్ని, నాకూ ఆ క్షణాన తోచలేదు. నోరు తెరిచాను.

అప్పుడు వినిపించింది. నా తల వెనక, పొయ్యి ఉన్న వైపు నుంచి.

"సోమిగా, తీపి పొయ్యకు. గాలి గట్ల పోదురా."

కోపం లేదు, తొందర లేదు. చింతపండు పిసుకుతూ అన్నట్టే ఉంది. బావను సోమిగా అని పిలిచింది లోకంలో ఒక్క అత్తే.

బావ చెయ్యి ఆగిపోయింది. చెంబు కింద పెట్టాడు. లోపలికి పోయి చింతపండు పిసుక్కొచ్చాడు. ఉప్పు లేదు, బెల్లం లేదు. గొంతు దిగినంత తాగించాడు. ఆటోలో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు.

రక్తం పరీక్ష చూసిన డాక్టరమ్మ పొటాషియం బాగా పడిపోయిందంది. ఒంట్లో తగ్గలేదట, రక్తంలో ఉండాల్సింది కూడా కణాలు లోపలికి లాగేసుకున్నాయట. తీపి తింటే ఇన్సులిన్ పెరిగి ఆ పంపును ఇంకా తరుముతుందట. చింతపండు వల్లే బతికాడనుకోకండి అని బావకు గట్టిగానే చెప్పింది. కానీ గ్లూకోజు పట్టకపోవడం మంచిదైందనీ, అప్పటికే ఊపిరి కండరాలు అలిసిపోయాయనీ అంది. మందు ఎక్కాక, పొద్దుగూకే వేళకు నా కాలివేళ్లు కదిలాయి.

తిరుగుదారిలో బావను అడిగాను, అత్త గొంతు పొయ్యి వైపు నుంచే వచ్చింది కదా అని. బావ నావైపు అదోలా చూశాడు.

"పొయ్యికాడ ఎవరున్నరు? నువ్వే అన్నవ్. నీ నోరే కదిలింది. గొంతే అమ్మది."

నేను అనలేదు. ఆటో అతనికి నా పేరు కూడా చెప్పలేకపోయినవాణ్ని. చిన్ననాటి జ్ఞాపకమే మాటై వచ్చిందని సరిపెట్టుకుందామంటే, అది నాకు వెనక నుంచి ఎందుకు వినిపించింది? ఎవరో ఒకరం భ్రమపడ్డామనుకుందామంటే, ఇద్దరం విన్న మాట పొల్లు పోకుండా ఒక్కటే.

ఇప్పుడు మందు ఇంట్లో ఉంటుంది. ఉండలు మానేశాను. పంపు పాఠం వచ్చినప్పుడు, తలుపుకాడ ఒకడుంటాడని మొదలుపెడుతున్నాను. పిల్లలకు బాగా గుర్తుంటోంది.

ఆ మాట ఎవరన్నారో మాత్రం ఈనాటికీ తేలలేదు. ఏటా పూలు రాలే రోజుల్లో బావ ఫోన్ చేస్తాడు. అవీ ఇవీ మాట్లాడి, చివర్లో అడుగుతాడు.

"మళ్ల ఒక్కసారి గట్ల అనరాదా బామ్మర్ది. అమ్మ గొంతు వింట."

నాకు రాదు. తలుపేసుకుని ప్రయత్నించి చూశాను.