మలుగుపాము ముందు మరణ వాంగ్మూలం

మనిషి ఒక్కసారే చస్తాడంటారు. నేను మాత్రం ఒమాన్ దేశంలోని సోహార్ సముద్రపు ఒడ్డున, ఓ శుక్రవారం పొద్దున, ముప్పావు గంటసేపు చచ్చాను. చచ్చి ఊరుకున్నా బాగుండేది. చస్తూ చస్తూ నోరు జారాను. ఆ జారిన నోటి కథ చెబుతాను, మీరూ నవ్వుకోండి. మా ఆవిడ ఎలాగూ ఆరేళ్లుగా నవ్వుతూనే ఉంది.

మాది జగిత్యాల వైపు, గోదావరి ఒడ్డు పల్లె. సోహార్‌లో కంపెనీ సైట్ మీద ఇనుము కట్టే పని. ఊళ్లో నాకున్న పేరు ఇనుముతో వచ్చింది కాదు, గాలంతో వచ్చింది. పిల్లను చూడటానికి వెళ్లిన రోజు మూరెడు పొడుగు కొర్రమట్ట చేపను వేలాడేసుకుని పోయి, పొద్దున్నే నా గాలానికి పడిందని కాబోయే మామ ముందు పెట్టాను. గాలం వేయడంలో ఆయన్ను మించినవాడు చుట్టుపక్కల లేడు. గాలం పట్టనివాడికి ఓపిక ఉండదు, ఓపిక లేనివాడికి పిల్లనివ్వను అనేది ఆయన పట్టుదల. చేపను అటూ ఇటూ తిప్పి చూశాడు, మీసంలో నవ్వుకున్నాడు, పిల్లనిచ్చాడు. అప్పటినుంచి అత్తగారి ఊళ్లో నేను 'కొర్రమట్ట అల్లుణ్ణి'.

మీకు మాత్రం చెవిలో చెబుతాను. ఆ చేప నేను పట్టలేదు. బస్టాండు దగ్గర గంపలో కొన్నాను. అప్పటికి నా గాలానికి చిక్కిన అతి పెద్ద వస్తువు ఎవరిదో తెగిన చెప్పు. పెళ్లయ్యాక సిగ్గు చంపేస్తుంటే మామ వెంట తిరిగి నిజంగానే గాలం నేర్చుకున్నాను. అబద్ధం మాత్రం కడుపులో అలాగే ఉండిపోయింది.

ఆ శుక్రవారం రూమ్ నుంచి జబ్బార్ భాయ్‌తో కలిసి సముద్రానికి వెళ్లాను. జబ్బార్ భాయ్ హైదరాబాద్ మనిషి, కంపెనీ పికప్ నడుపుతాడు, నాకంటే పదేళ్ల ముందు గల్ఫ్‌కు వచ్చాడు. గాలం వేసిన కాసేపటికి దారం బరువెక్కింది. లాగితే రెండు మూరల పొడుగున, తెలుపూ నలుపూ పట్టీలతో మెలికలు తిరుగుతూ వచ్చింది. మలుగుపామని చూడగానే అనేశాను. పేరుకే పాము, అది చేప. మామ నేర్పినట్టే చేతికి ఇసుక రాసుకుని, నడిమి వేలు పైన, పక్క రెండు వేళ్లు కింద పెట్టి మెడ బిగించాను. గాలం ఊడదీసి, దాన్ని బకెట్లో వేసి, ఇవాళ పులుసు నాదేనని జబ్బార్ భాయ్‌ని పిలిచాను.

ఆయన బకెట్లోకి తొంగిచూసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"మియా, గిది సముందర్ సాంప్, విషమున్న పాము. చెయ్యి పెట్టినవా?"

చెయ్యి చూసుకున్నాను. బొటనవేలి మీద రెండు నెత్తుటి చుక్కలు, పక్కపక్కనే.

"నొప్పి ఉన్నదా?"

"లేదు భాయ్."

"యా అల్లా. గదే మరి. గిది కరిస్తే నొప్పి తెల్వదంట."

చూశారా నా ఖర్మ. నొప్పి ఉంటే భయం, లేకపోతే ఇంకా భయం. నాలుక తడారింది. దవడ బిగుసుకున్నట్టనిపించింది. ఆస్పత్రికి పోదామని జబ్బార్ భాయ్ పికప్‌లోకి ఉరికాడు. కంగారులో ఒకటే తొక్కుడు తొక్కితే వెనక టైర్లు సగందాకా ఇసుకలో దిగిపోయాయి. ఆయన చేతులతో ఇసుక తోడుతుంటే నేను బకెట్ పక్కన కూలబడ్డాను. ఇంతవరకూ ఎగతాళిగా చెప్పాను గానీ, ఆ నిమిషంలో నాకు నిజంగా భయం వేసింది. మూడేళ్ల నా బిడ్డ ముఖం కళ్ల ముందుకు వచ్చింది. నేను ఊరికి పెట్టెలో పోతానని, తను నన్ను గుర్తుపట్టదని ఏడుపు వచ్చింది.

పోయేముందు పాపం కడిగేసుకుందామనిపించింది. ఫోన్ తీసి మా ఆవిడ సుజాతకు వాయిస్ మెసేజ్ పెట్టాను.

"సుజాతా, నన్ను పాము గరిసింది. నేను పోతున్న. బిడ్డను మంచిగ సదివియ్యి. ఒక్క ముచ్చట దాచిన. గా కొర్రమట్ట నేను పట్టలే, బస్టాండ్ కాడ కొన్న. మీ బాపును మాఫ్ చెయ్యుమను."

పంపి, కళ్లు మూసుకుని చావు కోసం ఎదురుచూశాను. అదీ తొందరగా రాదు, మా కంపెనీ బస్సులాగా.

చావుకు బదులు ఓ ముసలి ఒమానీ జాలరి వచ్చాడు. బండి తోయడానికి వచ్చినవాడు బకెట్లో చూసి, చేయి పెట్టి దాన్ని పైకి ఎత్తేశాడు. నేను కేక వేశాను. ఆయన తాపీగా దాని వీపు పొడుగునా ఉన్న రెక్క చూపించాడు, కొసన సన్నగా ఉన్న తోక చూపించాడు. సముద్రపు పాముకు రెక్క ఉండదని, దాని తోక తెడ్డులా వెడల్పుగా ఉంటుందని సైగలతో చెప్పాడు.

"మాఫీ సాంప్. సమక్," అన్నాడు. పాము కాదు, చేప అని.

మరి నెత్తురో? నా గాలాన్ని ఆయన ఆ చుక్కల పక్కన పెట్టాడు. గాలం ఊడదీసేటప్పుడు రెండుసార్లు చురుక్కుమన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. అంటే మొదట నేను అన్నదే నిజం, అది మలుగే. తాడును చూసి పామనుకున్నవాళ్లు లోకంలో ఎందరో ఉన్నారు. చేపని చేపగా గుర్తుపట్టి, పట్టుకుని, ఆ తర్వాత పామనుకుని చచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

ప్రాణం లేచొచ్చింది. వెంటనే మెసేజ్ గుర్తొచ్చి మళ్లీ పోయింది. చెరిపేద్దామని ఫోన్ తీస్తే అప్పటికే నీలం టిక్కులు పడ్డాయి, తొమ్మిది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పాము కాటుకైనా మందు ఉంటుంది గానీ నీలం టిక్కులకు లేదు. ఫోన్ చేశాను. అవతల ఏడుపు. బతికే ఉన్నానని, అది చేపేనని మూడుసార్లు చెప్పాక ఏడుపు ఆగింది. ఇక మిగిలింది కొర్రమట్ట సంగతి.

"నీకు కోపమొచ్చిందా?" అన్నాను.

"గా చేప సంగతి మాకు అప్పుడే ఎర్కే," అంది సుజాత. "అది మా బాపు పట్టిందే. పొద్దుగాల గంపామెకు అమ్మిండు, మాపటికి నువ్వు పట్టుకొచ్చినవ్. దాని మూతికి మా బాపు గాలం గాటు గట్లనే ఉండె."

మరి పిల్లను ఎందుకిచ్చాడని గొణిగాను.

"నేను అడిగిన. 'పట్టినోని ముంగటనే పెట్టి నేను పట్టిన అన్నడు బిడ్డా, గింత ధైర్నంగ అబద్ధమాడేటోడు ఎప్పటికైనా గాలం పడ్తడు' అన్నడు."

మిత్రులారా, ఆ మలుగుపాము పులుసు సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట నన్ను పాము కరిచినా, మొసలి మింగినా, నేను పోయానని డాక్టరు కాగితం రాసి చేతిలో పెట్టేదాకా నోరు విప్పి నిజం చెప్పను.