పెద్దమ్మ చేను ఫ్రాన్సులో మొలిచింది

ఇందులో రెండు దేశాలున్నాయి, నేలకూ మనిషికీ మధ్య ఎడబాటు ఉంది. మహాకావ్యం అనుకుంటారేమో. కాదు. మోకాలికి ఆపరేషనై, జహీరాబాద్‌లో మా ఇంట్లో మంచం మీదున్న పెద్దమ్మకు నేను గీసిచ్చిన బొమ్మ సంగతి ఇది.

ఝరాసంగం దగ్గర ఆమెకు రెండెకరాల ఎర్రచేను ఉంది. డాక్టరు మూడు నెలలు కదలొద్దన్నాడు. చేను కళ్లపడక ఆమెకు అన్నం సయించడం లేదు. ఫొటో తీసుకొద్దామంటే ఎండాకాలం, ఉత్త మట్టే వస్తుంది. పంట మీదున్నట్టు గీసిమ్మంది. ఇంట్లో బొమ్మలు గీసేది నేనొక్కడినే కాబట్టి పోటీ లేకుండా ఎంపికయ్యాను.

చిక్కేమిటంటే, పాత పుస్తకాల బండి మీద దొరికిన ఫ్రాన్సు పల్లెల బొమ్మల పుస్తకం చూసి నేను గీయడం నేర్చుకున్నాను. ఏళ్ల తరబడి ఆ పొలాలనే దించాను. వారం కూర్చొని పెద్దమ్మ చేను గీసి, గర్వంగా చూపించాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకొని చూసింది.

"ఎవరిదిరా ఈ చేను?"

"నీదే పెద్దమ్మా."

"నాదెట్లయితది? ఒక్కో మడిల ఒక్కటే పంట ఉంది. తల దువ్వినట్టు గింత నున్నగ ఎవరేస్తరు? నడుమ కంది ఏది? పుంటికూర ఏది?"

నిజమే. మా వైపు ఒకే చేనులో జొన్న, కంది, పెసర, బొబ్బర, పుంటికూర అనే గోంగూర కలిపి వేస్తారు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. నేను గీసిన దాంట్లో మడికో రంగు, చుట్టూ కత్తిరించిన పొదల కంచె. నేను జహీరాబాద్‌లోనే ఉన్నా, నా చేయి ఎప్పుడో ఫ్రాన్సులో స్థిరపడింది. ఇంటికి ఉత్తరమైనా రాయలేదు.

ఆ పుస్తకంలోని చిత్రకారుడి గొప్పతనం అప్పుడు తెలిసింది. ఆయన తన ఊరి పొదలు గీశాడు. నేనూ ఆయన ఊరి పొదలే గీశాను. ఇంత లోతైన ఆలోచన వచ్చినందుకు మురిసిపోతుండగా, పెద్దమ్మ మందుబిళ్ల అడిగింది. లేచాను.

మరునాటి నుంచి ఆమె చెప్పడం, నేను గీయడం. ఆరు జొన్నసాళ్లకొక కందిసాలు. వంకర గట్టు. ఒక సాలు తిన్నగా వచ్చిందని నేను సంబరపడితే, అక్కడ బండరాయి ఉందని, ఎడ్లు పక్కకు మళ్లుతాయని చెరిపించింది. మూడు రబ్బర్లు అరిగాయి.

చివరికి ఒక రోజు బొమ్మ మీద వేలు పెట్టి, గట్టు వెంబడి నడిపించింది. నేను పొగడ్త కోసం సర్దుకొని కూర్చున్నాను.

"గిది నాదేరా," అంది. "జర గడ్డి పెరిగింది. కలుపు తీయాలె."

నాకు దక్కిన మెప్పుల్లో అదే పెద్దది. దక్కినవీ తక్కువేలెండి. ఆ పూట ఆమె రెండు రొట్టెలు తిన్నది.

బొమ్మను మంచానికెదురుగా గోడకు పెట్టాం. ఫ్రేములు కట్టే దుకాణం శుక్రవారం బంద్, ప్రస్తుతానికి టేపుతో అంటించాం.