సొరంగం తల్లి కోపం

దేశమంతా తిరిగి ఇతరుల ఊళ్లకు సొరంగాలు తవ్విన బిజినేపల్లి కూలీలం మేం. చివరికి కొల్లాపూర్ వైపు, కృష్ణా నది నీళ్ల కోసం సొంత జిల్లాలోనే గుట్టను తవ్వే భాగ్యం కలిగింది. పరాయి రాష్ట్రంలో కాకుండా ఇంటి దగ్గరే ఊపిరాడకుండా పని చేయడంలో ఉన్న సుఖం వేరు.

సొరంగానికి కింద ఒక నోరు, గుట్ట మీదికి ఒక నిలువు బావి. గాలి కోసం పెద్ద ఫ్యాను కూడా ఉండేది కానీ, అది మాకంటే ఎక్కువ సెలవులు తీసుకునేది. అప్పుడు ఇంజనీరు, "బావి ఉంది కదా, గాలి దానంతటదే ఆడుతుంది" అనేవాడు. మాకు ఆయనకన్నా సాంబ్రాణి మీద నమ్మకం ఎక్కువ. పొద్దున్నే కింది నోటి దగ్గర కొబ్బరికాయ కొట్టి సొరంగం తల్లికి పొగ వేసేవాళ్లం. చలికాలం ఆ పొగ లోపలికి పోయి బావిలోంచి పైకి లేచేది. తల్లి మెచ్చిందని సంబరపడేవాళ్లం. ఎండాకాలం లోపలి చల్లగాలి బయటికి తోసుకొచ్చి పొగంతా మా ముఖాన కొట్టేది. తల్లికి కోపం వచ్చిందని రోజంతా వణుకుతూ, హాయిగా గాలి పీల్చుకుంటూ పని చేసేవాళ్లం.

శివరాత్రి దాటాక, చలీ ఎండా కాని ఒక పొద్దున, ఫ్యాను రిపేరులో ఉండగా, పొగ లోపలికీ పోలేదు, ముఖాన్నా కొట్టలేదు. ఉన్నచోటే నిలబడింది. మా మేస్త్రి మురిసిపోయాడు.

"అమ్మ సల్లగున్నది. ఇయ్యాల ఏం పరేషాన్ లేదు, పోండ్రి."

పొగ నిలబడిందంటే గాలి నిలబడిందని ఇంజనీరుతో సహా ఎవరికీ తట్టలేదు. లోపల ముందురోజు పేల్చిన మందు వాసన అట్లాగే ఉంది. అందరికన్నా ముందు నడుస్తున్న మా అన్న గోడ పట్టుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు, పక్కకు ఒరిగిపోయాడు. వదినకు ఏం చెప్పాలన్న ఆలోచన తప్ప నాకింకేమీ తోచలేదు. తలా ఒక చెయ్యి వేసి బయటికి ఈడ్చుకొచ్చాం.

తువ్వాళ్లతో విసిరితే చాలాసేపటికి కళ్లు తెరిచాడు. మేస్త్రి కోసం వెతికాడు.

"కాకా, అమ్మకు జర కోపమొచ్చేటట్టు ఏమన్న చెయ్యి."

ఫ్యాను ఇంకా రిపేరు నుంచి రాలేదు. మర్నాటి నుంచి రోజూ పొగ వేసి, అది ఎటు కదులుతుందా అని బయటే కూర్చుని చూశాం. ఎండలు ముదిరి అది మళ్లీ ముఖాన కొట్టిన రోజు అందరం కళ్లు మూసుకుని పక్కకు జరిగాం. అన్న ఒక్కడే కళ్లు మండుతున్నా జరగలేదు.